కువోవి ఎన్నిసార్లు బొంకింది

ముప్ఫై మూడేళ్ళు నేను చెట్లు లెక్కపెట్టి బతికాను. మా ఫిన్లాండులో అదొక సర్కారు ఉద్యోగం. అడవి మొత్తాన్ని ఎవరూ లెక్కపెట్టలేరు కాబట్టి, పటం మీద గీసిన గీత వెంట దిక్సూచి పట్టుకుని నడిచేవాళ్ళం. మూడొందల మీటర్లకోసారి ఆగి, చుట్టూ ఒక చిన్న గుండ్రం అనుకుని, అందులో ఉన్న చెట్లనే కొలిచేవాళ్ళం. అలాంటి గుండ్రాలు వేలల్లో పోగుపడ్డాక, కాలు పెట్టని అడవి గురించి కూడా ఇంత కలప ఉంటుంది, ఇంత వయసుంటుంది అని చెప్పగలిగేవాళ్ళం. పెద్దగా తప్పేది కాదు.

నా పేరు ఔలిస్. ఊరు కయానీ. యాభై ఎనిమిదో ఏట కుడి మోకాలు మొరాయించింది. ఆఫీసువాళ్ళు కేకు కోసి, దండ బదులు ఒక గోడ గడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపారు. మా ఆవిడా నేనూ విడిపోయి అప్పటికే పన్నెండేళ్ళు. ఇంట్లో నేను, గడియారం, కిటికీ అవతల నది.

మా చెల్లెలి కూతురు సైమి ఒకసారి వచ్చి నా వాలకం చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మామయ్యా, ఏం చేస్తున్నావు పొద్దున్నించీ?"

"నది మీద వెళ్ళే మంచుపెళ్ళలు లెక్కపెడుతున్నా."

"ఎన్ని వెళ్ళాయేంటి?"

"నూట పద్నాలుగు."

"దేవుడా," అని, ఆ సాయంత్రమే కంప్యూటర్లో పోకర్ పెట్టించి వెళ్ళింది. దానితోపాటు ఇంకో ప్రోగ్రామూ పెట్టింది. ఎదుటివాళ్ళు ఎలా ఆడుతున్నారో అది లెక్కకట్టి, ఒక్కొక్కరి పేరు పక్కన చిన్న చిన్న అంకెలు వేస్తుంది. పోకర్ కోసం కాదుగానీ ఆ అంకెల కోసం నేను కూర్చుండిపోయాను.

ఆట తెలియనివాళ్ళకి రెండు మాటల్లో చెబుతాను. ప్రతివాడికీ రెండు ముక్కలు మూసి ఇస్తారు. మధ్యలో ఐదు ముక్కలు అందరికీ కనిపించేలా తెరుస్తారు. ముందు మూడు, తర్వాత నాలుగోది, ఆఖర్న ఐదోది. తెరిచినప్పుడల్లా పందెం కాయొచ్చు, ఊరుకోనూ వచ్చు. ఎదుటివాడు కాసిన పందేనికి సమానంగా పెడితే నిలబడతావు, లేకపోతే ముక్కలు పడేసి తప్పుకుంటావు. చివరిదాకా నిలబడ్డవాళ్ళు ముక్కలు తెరిస్తే, మధ్యలోవాటితో కలిపి ఎవరివి పెద్దవైతే వాళ్ళది గెలుపు. అందరూ పడేస్తే, కాసినవాడు తన ముక్కలు ఎవరికీ చూపించకుండానే మధ్యలో ఉన్నదంతా లాక్కుంటాడు. అందుకే చేతిలో ఏమీ లేనివాడు కూడా రాజు తన చేతిలోనే ఉన్నట్టు కాయగలడు. దాన్నే బ్లఫ్ అంటారు. మా అమ్మ అయితే బొంకు అనేది.

అది బొంకో నిజమో మొహం చూసి చెబుతామంటారు కొందరు. నాకు మొహాలు అర్థం కావు. మా ఆవిడ మొహమే అర్థం కాలేదు. అంకెలు అర్థమవుతాయి. వంద పంపకాల్లో అరవైసార్లు ఆటలోకి దూరేవాడున్నాడనుకోండి, అరవైసార్లు మంచి ముక్కలు ఎవరికీ రావు. వాడు గొంతు పెంచినప్పుడు సగం గాలే. వందలో పన్నెండుసార్లే దూరేవాడు ఐదో ముక్క దగ్గర పెద్ద పందెం కాశాడంటే, మారుమాట్లాడకుండా పడేసి వెళ్ళి కాఫీ పెట్టుకోవడం మంచిది. అయితే పది పంపకాలు చూసి మనిషి ఇలాంటివాడు అనకూడదు. ఒక్క గుండ్రంలో నాలుగు భూర్జ చెట్లు కనబడితే అది భూర్జవనం అయిపోదు. వేలు కావాలి. ఓపిక కావాలి. ఆ రెండూ నా దగ్గర ఉన్నాయి.

అలా ఆడుతుండగా తగిలింది కువోవి.

కువోవి అంటే ముక్కు పొడుగ్గా వంగి ఉండే నీటిపిట్ట. వసంతం రాగానే మా పొలాల మీద ఈల వేసినట్టు కూస్తుంది. ఆటలో ఎవరూ సొంత పేరు పెట్టుకోరు. నా పేరు కంగాస్, అంటే పైన్ చెట్లు పెరిగే ఇసుకనేల. కువోవి ఆడదో మగో, ముసలో పడుచో నాకు తెలియదు. ఉదయం పదింటికి వచ్చేది, ఒంటిగంటకి వెళ్ళిపోయేది. బుధవారం రాదు. వందలో పంతొమ్మిదిసార్లు ఆటలోకి దిగేది. తొందర లేదు, కోపం లేదు. ఎంత ఓడినా మర్నాడు అదే నడక. కొందరి ఆట చూస్తే తలుపులు దబదబా వేస్తున్నట్టుంటుంది. కువోవి ఆట ఎవరో పక్క గదిలో మెల్లగా సామాను సర్దుకుంటున్నట్టుండేది. బయట మంచు కురుస్తూ ఉంటే, ఆ చప్పుడు నాకు నిజంగా వినబడుతున్నట్టే ఉండేది.

నాలుగేళ్ళలో మా ఇద్దరిమధ్యా ముప్ఫై ఎనిమిది వేల పంపకాలు నడిచాయి. నాలుగేళ్ళలో మాట్లాడుకున్నది ఒక్కసారి. ఓ జనవరి ఉదయం తెర అడుగున ఒక వాక్యం కనబడింది: "మీ వైపు మంచు పడుతోందా?" దానికి ఏం జవాబివ్వాలో ఆలోచిస్తూ పదకొండు నిమిషాలు కూర్చున్నాను. చివరికి "పడుతోంది" అని రాశాను. అప్పటికి కువోవి లేచి వెళ్ళిపోయింది.

తన అంకెల్లో ఒకటి నాకు కంఠతా వచ్చు. ఐదో ముక్క దగ్గర కువోవి పెద్ద పందెం కాసి, ఎవరో ఒకరు సమానంగా పెట్టి ముక్కలు చూపించమన్న సందర్భాలు నలభై ఒకటి. అందులో ముప్ఫై ఎనిమిది నిజం, మూడు బొంకు. ఇంకా దగ్గరగా చూస్తే ఇంకో సంగతి తెలిసింది. ఆ మూడు బొంకుల్లోనూ నాలుగో ముక్క దగ్గర తను ఊరుకుంది. ఊరుకుని, ఐదో ముక్క దగ్గర మళ్ళీ గొంతెత్తింది. అలా మధ్యలో ఊపిరి తీసుకున్నవి మొత్తం పదకొండు. ఊపిరి తీసుకోకుండా వరసగా కాసినవి ముప్ఫై, అందులో ఒక్క బొంకూ లేదు. కాబట్టి వరసగా కాస్తే పారిపోవాలి. ఊపిరి తీసుకుంటే పదకొండింట మూడు.

ఒక మార్చి నెలలో కువోవి రావడం మానేసింది. మర్నాడు వస్తుందనుకున్నాను. ఏప్రిల్లో వస్తుందనుకున్నాను. నిజం కువోవీలు వచ్చి పొలాల మీద కూసి, గుడ్లు పెట్టి, పిల్లలతో సహా వెళ్ళిపోయాయి. ఉదయం పదింటికి నేను తెర తెరిచి, ఆ పేరు లేకపోవడం చూసి, మూసేసేవాణ్ణి.

"ఆ పిట్ట ఎగిరిపోయిందని ఎన్నాళ్ళు దిగాలుపడతావు?" అంది సైమి ఫోన్లో. అది తుర్కు రేవు నుంచి స్టాక్‌హోమ్ వెళ్ళే ఒక ఓడ వంటగదిలో పెద్ద వంటమనిషి. "సెప్టెంబరులో మా ఓడ మీద పోకర్ పోటీ పెడుతున్నారు. పగలంతా ఆట. నీ పేరు ఇచ్చేశాను."

"నన్నడక్కుండానా?"

"అడిగితే ఆలోచిస్తావు. నువ్వు ఆలోచించడం మొదలెడితే ఓడ వెళ్ళి తిరిగొస్తుంది."

అలా నేను జీవితంలో మొదటిసారి మనుషుల ఎదురుగా కూర్చుని ఆడాను.

అరవై నాలుగు మందిమి. ఏడో అంతస్తులో, చుట్టూ నేల నుంచి పైకప్పుదాకా అద్దాలున్న హాలు. ఓడ కదిలాక తెల్లటి పొగమంచు పట్టుకుంది. దీవులు ఒక్కొక్కటే ఆ తెలుపులోంచి పైకి తేలి, నాలుగు పైన్ చెట్లో ఎర్రటి చెక్క ఇల్లో చూపించి, మళ్ళీ అందులోకే జారిపోతున్నాయి. నిద్రలో ఎవరో పలకరించి వెళ్ళినట్టుగా ఉంది. ఇంజన్ చప్పుడు పాదాల్లోంచి ఎక్కి మోకాలి నొప్పిని జోకొడుతోంది.

ఇక్కడ పేర్ల పక్కన అంకెలు లేవు. నాకు కళ్ళకు గంతలు కట్టినట్టయింది. అందుకని అడవిలో చేసినట్టే చేశాను. చేతిలో ఆట లేనప్పుడు రాసుకోవచ్చా అని ముక్కలు పంచే అమ్మాయిని అడిగి, కాగితం రుమాలు మీద పెన్సిలుతో, ఎవరు ఆటలోకి దూరితే వాళ్ళ పేరున, చుక్కలు పెట్టడం మొదలెట్టాను. నాలుగు చుక్కలు నాలుగు మూలలు, వాటిని కలుపుతూ నాలుగు గీతలు, అడ్డంగా రెండు. అలా పదికి ఒక పెట్టె పూర్తవుతుంది. వానలో, దోమల్లో, చేతికి తొడుగులుండగా కూడా వేయగలిగే లెక్క అది.

పక్కన కూర్చున్నాయన పేరు స్టిగ్. మారీహమ్ రేవులో క్రేను నడుపుతాడట. నవ్వితే బల్ల ఊగుతుంది.

"ఏంటి పెద్దాయనా, మేజోళ్ళకి అల్లిక డిజైనా?"

"అవును నాయనా. నీ సైజే తీసుకుంటున్నా."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ముప్ఫై పంపకాలయ్యేసరికి స్టిగ్ పెట్టెల్లో ఇరవై మూడు గుర్తులు పడ్డాయి. ఆ తర్వాత అతను నా మీద ఐదో ముక్క దగ్గర తన ముందున్న బిళ్ళలన్నీ తోసేశాడు. నా చేతిలో ఎనిమిదుల జత, అంతే. మామూలుగా పడేయాల్సిన ముక్కలు. నేను రుమాలు చూసుకుని సమానంగా పెట్టాను. అతను తెరిస్తే జాకీ, మూడు. దేనికీ జత లేదు.

"ఎలా పట్టావు? నా కన్నదిరిందా?"

"కన్ను చూడలేదు. ముప్ఫైలో ఇరవై మూడుసార్లు దూరావు. దేవుడికి ఎవరిమీదా అంత ప్రేమ ఉండదు."

స్టిగ్ లేచి నా వీపు మీద ఒకటి చరిచి బార్ వైపు వెళ్ళిపోయాడు. "ఈయన మేజోళ్ళు అల్లడం లేదర్రా, ఉచ్చులు అల్లుతున్నాడు," అని అందరికీ వినబడేలా చెబుతూనే వెళ్ళాడు.

అతని కుర్చీలోకి ఇంకో బల్ల నుంచి ఒకావిడ వచ్చింది. అరవై దగ్గర ఉంటుంది. పొట్టి నెరిసిన జుట్టు, ఆకుపచ్చ ఉన్ని స్వెట్టరు. ముక్కలు బల్ల మీదే ఉంచి చూడదు. తల వంచి, కుడి కంటికి చాలా దగ్గరగా తెచ్చుకుని చూస్తుంది. పేరు రౌని అని ముక్కలు పంచే అమ్మాయి పిలవగా విన్నాను. ఆవిడకీ ఒక పెట్టె మొదలుపెట్టాను.

సైమి భోజనాల వేళ సాల్మన్ సూపూ, నల్ల రొట్టే తెచ్చిపెట్టింది. తినడం మర్చిపోయాను. రుమాలు మీద పెరుగుతున్న చుక్కలు చూస్తున్నాను. యాభై పంపకాల్లో పది. డెబ్బై నాలుగింట పద్నాలుగు. మొదటి మూడు ముక్కల దగ్గర తేలిగ్గా కాస్తుంది. నాలుగో దగ్గర సగంసార్లు ఊరుకుంటుంది. ఓడిపోతే నడక మారదు. మంచి పంపకం గెలిచినా మారదు. పక్క గదిలో ఎవరో మెల్లగా సామాను సర్దుకుంటున్నారు.

ఇది కువోవే అనుకున్నాను. వెంటనే నన్ను నేనే తిట్టుకున్నాను. డెబ్బై నాలుగు పంపకాలు మనిషి కావు. వందలో పంతొమ్మిదిసార్లు దిగేవాళ్ళు ప్రపంచంలో లక్షమంది ఉంటారు. కొత్తగా చేరిన కుర్రాడు ఇలాంటి లెక్క తెస్తే చింపి పారేసేవాణ్ణి.

"సూపు చల్లారిపోయింది. ఏమైంది మామయ్యా, దెయ్యాన్ని చూశావా?" అంది సైమి గిన్నె తీస్తూ.

"చూశాననుకుంటా. కానీ శాంపిలు చాలదు."

విరామంలో నేను డెక్ మీదకి వెళ్ళాను. పొగమంచు చెంపలకి తడిగా తగులుతోంది. రౌని అప్పటికే కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది, కళ్ళు మూసుకుని.

"ఈ ఓడ శ్రుతి కాస్త దిగింది," అంది నా అడుగుల చప్పుడు విని. "ఇందాక రేవులో ఇంకొంచెం పైన ఉంది. నేను పియానోలు శ్రుతి చేసేదాన్నిలెండి. ముప్ఫై ఏళ్ళు. చెవి ఊరుకోదు."

"నేను చెట్లు లెక్కపెట్టేవాణ్ణి."

"అయితే మనిద్దరికీ పొద్దుపోని ఉద్యోగాలే." నవ్వింది.

"ఇంట్లో కూడా ఆడతారా?" అన్నాను.

"కంప్యూటర్లో ఆడేదాన్ని. మొన్న మార్చిలో ఎడమ కంట్లో చూపు పోయింది. తెర చూస్తే రెండో కంట్లో కూడా నీళ్ళు కారతాయి. డాక్టరు వద్దన్నాడు. ముక్కలైతే దగ్గరగా తెచ్చుకోవచ్చు కదా, అందుకని ఇలా."

మార్చి. కువోవి రావడం మానేసిందీ మార్చిలోనే. చెప్పెయ్యాలనిపించింది. మీరు నాకు తెలుసు, నాలుగేళ్ళుగా తెలుసు అనాలనిపించింది. కానీ ఏం తెలుసని? ఎన్నిసార్లకొకసారి బొంకుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో తెలుసు. అడక్కుండా ఇంకొకరి ఉత్తరాలు చదివినవాడిలా సిగ్గేసింది. ఆట మధ్యలో చెబితే ఆవిడ ఆట చెడుతుంది, చెప్పకపోతే నాది దొంగతనం. ఏది సరైందో తేల్చుకునేలోపే గంట కొట్టారు. నేను ఆలోచించడం మొదలెడితే ఓడ వెళ్ళి తిరిగొస్తుందని సైమి ఊరికే అనలేదు.

మధ్యాహ్నం కరిగిపోయింది. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతున్నారు. తొమ్మిదిమంది, ఆరుగురు, ముగ్గురు. పొగమంచు పల్చబడి, దాని వెనక సూర్యుడు పాలల్లో వేసిన వెన్నముద్దలా ఉన్నాడు. చివరికి బల్లకి ఇటు నేను, అటు రౌని మిగిలాం. చుట్టూ ఓడినవాళ్ళంతా మూగారు. స్టిగ్ ఎక్కడినుంచో కుర్చీ లాక్కుని నా వెనక కూర్చున్నాడు.

ఇద్దరం ఓ గంట ఆడాం. అప్పుడు వచ్చింది ఆ పంపకం. నా చేతిలో కళావరు రాజు, ఆటీను రాణి. మధ్యలో మొదటి మూడు ముక్కలు: ఆటీను రాజు, ఇస్పేటు ఏడు, ఇస్పేటు నాలుగు. నాకు రాజుల జత పడింది. రౌని కాసింది, నేను సమానంగా పెట్టాను. నాలుగో ముక్క డైమండ్ రెండు. రౌని ఊరుకుంది. ఐదో ముక్క ఇస్పేటు తొమ్మిది. నేను ఊరుకున్నాను.

రౌని మధ్యలో ఎంత ఉందో అంత పందెం తోసింది. నా ముందు మిగిలి ఉన్నది కూడా సరిగ్గా అంతే.

మధ్యలో ఇస్పేట్లు మూడు పడ్డాయి. ఆవిడ దగ్గర ఇంకో రెండు ఇస్పేట్లుంటే, ఒకే జాతివి ఐదు ఏ జతనైనా కొడతాయి కాబట్టి, నా రాజులు గుడ్డిగవ్వకి కొరగావు. లేకపోతే అది ఒట్టి బొంకు. లెక్క తేలికే. మధ్యలో ఉన్నంత కాసినప్పుడు, మూడుసార్లలో ఒకసారైనా ఎదుటి మనిషి బొంకుతుంటే చూడమనడం న్యాయం. అంతకన్నా తక్కువైతే పడేయడం న్యాయం. ఊపిరి తీసుకున్నవి పదకొండింట మూడు. ఇవాళ చూసినవి ఇంకో రెండు, రెండూ నిజాలే. పదమూడింట మూడు. మూడోవంతుకి చాలా తక్కువ. పడేయాలి.

నేను పడేయలేదు. అలాగే కూర్చున్నాను. అద్దం అవతల ఒక దీవి వచ్చింది, వెళ్ళింది. ఎవరో దగ్గారు.

అప్పుడు రౌని, బల్ల మీద చేతులు మడిచి పెట్టుకుని, మెల్లగా అంది: "మీ వైపు మంచు పడుతోందా?"

నేను తలెత్తి ఆవిడ కుడి కంట్లోకి చూశాను.

"పడుతోంది," అన్నాను. ఆ మాట చేరడానికి మూడేళ్ళు పట్టింది.

"సెప్టెంబరులో మంచేంటయ్యా?" అన్నాడు స్టిగ్ వెనకనుంచి. ఎవరూ పట్టించుకోలేదు.

"ఎప్పుడు తెలిసింది మీకు?" అన్నాను రౌనితో.

"డెక్ మీదకి వెళ్ళక ముందే. నేను కాశాక మీరు తీసుకునే టైము ఉందే, తీగ మీటితే ఊగి ఊగి ఆగేంత. అంతసేపు ఆలోచించి చివరికి పడేసే మనిషి ప్రపంచంలో ఒక్కరే. కంగాస్ గారూ, నాలుగేళ్ళు మిమ్మల్ని విన్నాను నేను. నా దగ్గరా ఉంది ఆ ప్రోగ్రాము." కుడి కన్ను నవ్వుతోంది. "ఐదో ముక్క దగ్గర నేను కాస్తే మీరు వందలో డెబ్బై ఎనిమిదిసార్లు పడేస్తారు."

డెబ్బై ఎనిమిది. నా గురించి ఒక అంకె ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు.

ఆ మాటకి నా నెత్తిన నీళ్ళు చల్లినట్టయింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నేనొక ఘోరమైన తప్పు చేశాను. వానలకి విసిగి, లోపలికి నడవకుండా, దారి పక్కనున్న గుండ్రాలే కొలిచి తెచ్చాను. దారి పక్కన పెద్ద చెట్లు ముందే కొట్టేసి ఉంటారు. అడవంతా లేత మొక్కలేనని తేల్చి రాశాను. మా పెద్దాఫీసరు ఆ కాగితాలు నా ముందు పెట్టి, "నువ్వు కొలిచింది అడవిని కాదయ్యా, నీ బద్ధకాన్ని," అన్నాడు.

ఇప్పుడూ అదే చేశాను. నలభై ఒక్కసారి ఎవరో చూపించమంటేనే ఆ ముక్కలు నాకు కనబడ్డాయి. నేను పడేసిన వందల పంపకాల్లో కువోవి చేతిలో ఏముందో నేనెప్పుడూ చూడలేదు. అవి ఏ లెక్కలోనూ లేవు. డెబ్బై ఎనిమిదిసార్లు పడేసే మనిషి ముందు కూర్చుని, అది తెలిసి కూడా, ఎవరైనా పదమూడింట మూడుసార్లు మాత్రమే బొంకుతారా? నేనైనా అంతకన్నా ఎక్కువ బొంకుతాను.

"చూపించండి," అని నా బిళ్ళలన్నీ ముందుకి తోశాను.

స్టిగ్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

రౌని ముక్కలు ఒక్కొక్కటే తిప్పింది. ఇస్పేటు ఆసు. ఇస్పేటు ఆరు.

నిజం. నేను ఓడిపోయాను.

హాలంతా గోల. స్టిగ్ తల పట్టుకున్నాడు. "పడేయాల్సింది పెద్దాయనా! మూడు ఇస్పేట్లు అక్కడ కళ్ళముందు పెట్టుకుని!" నాకు మాత్రం, ఎందుకో, మోకాలి మీద బరువు దిగినట్టుంది. నా ఆలోచన ఇప్పటికీ సరైనదేనంటాను. సరైన ఆలోచనతో కూడా ఓడొచ్చు. ఒక్క పంపకం దేన్నీ రుజువు చెయ్యదు.

ముక్కలు పంచే అమ్మాయి బల్ల సర్దుతుంటే నేను అడిగాను, "ఆ నాలుగేళ్ళలో, నేను పడేసినప్పుడు, ఎన్నిసార్లు బొంకారు?"

"అది అప్పుడే డబ్బిచ్చి చూడాల్సింది," అంది రౌని. బహుమతిగా ఇచ్చిన వెండి గిన్నె కుడి కంటికి దగ్గరగా తెచ్చుకుని అందులో తన మొహం చూసుకుంది. "కాఫీ తాగుదామా? మీ మేనకోడలట, దాల్చినచెక్క బన్నులు చేసిందని చెప్పింది."

మేం కాఫీ తాగుతుండగానే ఓడ స్టాక్‌హోమ్ దీవుల మధ్యకి చేరింది. ఎండ వచ్చింది. ఆవిడ తుర్కులో ఒంటరిగా ఉంటుందని, బుధవారాలు వృద్ధాశ్రమంలో పియానో వాయించడానికి వెళ్ళేదని, అందుకే ఆరోజు రాలేదని చెప్పింది. నాలుగేళ్ళుగా నేను ఆ బుధవారాలకి ఎన్ని కారణాలు ఊహించానో చెబితే, కప్పు కింద పెట్టి మరీ నవ్వింది. సైమి వంటగది కిటికీలోంచి తొంగిచూసి, నావైపు గరిటె ఊపి, మళ్ళీ మాయమైంది.

ఆ శీతాకాలం నుంచి నేను నెలకి రెండుసార్లు రైలెక్కి తుర్కు వెళ్తున్నాను. రౌని తెర చూడలేదు కాబట్టి, నా కంప్యూటర్లో భద్రంగా ఉన్న ఆ ముప్ఫై ఎనిమిది వేల పంపకాల్లోంచి నేను చదివి వినిపిస్తాను. ఆవిడే అడిగింది. పియానో ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని వింటుంది.

"ఫిబ్రవరి తొమ్మిది. మధ్యలో పది, పది, మూడు. మీరు కాశారు, నేను నిలబడ్డాను. నాలుగో ముక్క జాకీ, ఊరుకున్నారు. ఐదోది ఐదు. కాశారు. నేను పడేశాను. చేతిలో ఏముంది?"

"ఆరోజు పొద్దున్న నీళ్ళ గొట్టం గడ్డకట్టింది," అంటుంది. "బాగా గుర్తు. నా దగ్గర ఏమీ లేదు. రాణి, నాలుగు."

"నిజంగా?"

"నిజంగా. తర్వాతది చదవండి."

కిటికీ అవతల తుర్కు చాలా నిశ్శబ్దంగా తెల్లబడుతోంది. ఆవిడకి నిజంగా గుర్తుందో, అప్పటికప్పుడు అల్లుతోందో నేను తేల్చుకోలేను. ఒకసారి వరసగా తొమ్మిదింటికి "బొంకే" అంది. పదోదానికి "అబ్బే, అది మాత్రం నాలుగు ఆసులు," అంది, ఎంత గంభీరంగా అందంటే చేతిలోవి రెండే ముక్కలని, మధ్యలో ఆసు ఒక్కటి కూడా లేదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. పేజీ జరిపి, తర్వాతది చదివాను.